గోధుమ, పాలు లేకుండా రోజూ వంట ఎలా? బెంగళూరు తెలుగు ఇళ్ల కోసం

"గ్లూటెన్ (గోధుమ, బార్లీల్లో ఉండే ప్రోటీన్) మానేయాలి, పాల పదార్థాలు కూడా వద్దు" అని డాక్టర్ చెప్పగానే చాలామంది నేరుగా సూపర్ మార్కెట్‌కి వెళ్తారు. గ్లూటెన్ లేని బ్రెడ్డు, గ్లూటెన్ లేని పాస్తా, బాదం పాలు, జీడిపప్పు చీజ్ కొంటారు. బిల్లు చూశాక, నెలనెలా ఇంత ఖర్చు ఎలా భరించాలా అని టెన్షన్ మొదలవుతుంది. ఆ దారిలో వెళ్లొద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా ఇంట్లో అమ్మాయికి సీలియాక్ జబ్బు, అంటే గ్లూటెన్ తింటే పేగు దెబ్బతినే జబ్బు. మా అత్తయ్యగారికి పాలు పడవు. ఇద్దరికీ వేరువేరుగా వండటం అయ్యే పని కాదు కాబట్టి రోజువారీ వంటంతా ఆ రెండూ లేకుండానే సాగుతుంది. అలా వండుతున్న నాకు బాగా అర్థమైన విషయం ఒకటుంది. మన భోజనంలో వెతికి తీసేయాల్సినవి తక్కువే. అన్నం, ముద్దపప్పు, వంకాయ కూర, చారు, ఆవకాయ పెట్టుకుంటే అందులో గోధుమన్నది కనిపించదు. పాలు ఉన్నది పప్పు మీద నెయ్యిలో, చివర్లో పెరుగులో. పొద్దున ఉప్మా, రాత్రి చపాతీ, మధ్యలో కాఫీ, చివర పెరుగన్నం. ఈ నాలుగు చోట్ల ఏం పెట్టాలో తేల్చుకుంటే మిగతాది పాత వంటే. కనబడకుండా వచ్చి చేరే గోధుమ, పాల సంగతి వేరు. దానికి మాత్రం బాగా జాగ్రత్త కావాలి.

మొదట: ఎవరికి ఏది పడదో కచ్చితంగా తెలుసుకోండి

గోధుమ తింటే కడుపు ఉబ్బరంగా ఉంటోందని సొంతంగా మానేయకండి. సీలియాక్ ఉందో లేదో తేల్చడానికి ముందు టీటీజీ-ఐజీఏ అనే రక్తపరీక్ష చేస్తారు. అవసరమైతే ఎండోస్కోపీ చేసి చిన్నపేగు నుంచి ముక్క తీసి చూస్తారు. గోధుమ తింటూ ఉన్నప్పుడే ఈ పరీక్షలు సరిగ్గా పట్టిస్తాయి. ముందే మానేస్తే జబ్బు ఉన్నా రిపోర్టు మామూలుగా రావచ్చు. అందుకే పరీక్ష అయ్యేదాకా తినండి, తర్వాత మానండి.

సీలియాక్ అని తేలితే "కొంచెం తింటే ఏమవుతుంది" అనే మాటకు చోటు లేదు. చపాతీ పీట మీద మిగిలిన పిండి కూడా పేగుకు హాని చేస్తుంది, పైకి నొప్పి తెలియకపోయినా సరే. ఒట్టి అరుగుదల ఇబ్బంది ఉన్నవాళ్లకు అంత పట్టింపు అక్కర్లేదు. మీరు ఏ కోవలో ఉన్నారో డాక్టర్ నోటితో చెప్పించుకోండి, ఎందుకంటే కింద రాసిన జాగ్రత్తల్లో సగం దాని మీదే ఆధారపడతాయి.

పాల విషయంలోనూ రెండు రకాలున్నాయి. పాలలోని చక్కెర, అంటే లాక్టోజ్, అరగనివాళ్లు ఒక రకం. వాళ్లలో చాలామందికి కాస్త మజ్జిగ, నెయ్యి ఇబ్బంది పెట్టవు. పాలలోని ప్రోటీన్‌కి అలర్జీ ఉన్నవాళ్లు రెండో రకం. వాళ్లకు నెయ్యి చుక్క కూడా వద్దు. ఇంకో మాట. సీలియాక్ కొత్తగా బయటపడినవాళ్లలో పేగు లోపలి పొర దెబ్బతిని ఉంటుంది కాబట్టి కొంతకాలం పాలు కూడా అరగవు. గోధుమ మానేసి పేగు మానాక కొందరికి పాలు మళ్లీ పడతాయి. అందుకని పాలు జన్మంతా వద్దా, కొన్నాళ్లేనా అని అడిగి తెలుసుకోండి. మాత్రల్లో కూడా లాక్టోజ్ కలుపుతారు. మందు రాసేటప్పుడే డాక్టర్‌కి గుర్తుచేయండి.

తర్వాత: డబ్బాలన్నీ దించి చూడండి

ఒక ఆదివారం పొద్దున వంటింటి అరలన్నీ ఖాళీ చేయండి. గోధుమ పిండి, మైదా, బొంబాయి రవ్వ, గోధుమ రవ్వ, సేమ్యా, బార్లీ పక్కన పెట్టండి. ఓట్స్‌లో గోధుమ గ్లూటెన్ లేకపోయినా, పొలం నుంచి మిల్లు దాకా గోధుమతో కలిసే వస్తాయి. గ్లూటెన్ లేదని ప్యాకెట్ మీద రాసి ఉంటే తప్ప అవీ వద్దు. రాసి ఉన్నా సీలియాక్ ఉన్నవాళ్లు కొందరికి పడవు, డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టండి.

బియ్యం, అటుకులు, మరమరాలు, సగ్గుబియ్యం, మొక్కజొన్న, రాగులు, జొన్నలు, సజ్జలు, చిరుధాన్యాలు, పప్పులన్నీ మంచివే. రవ్వల దగ్గర చాలామంది తికమక పడతారు. ఇడ్లీ రవ్వ అంటే బియ్యమే, నిశ్చింతగా వాడండి. హోటల్లో దొరికే రవ్వ ఇడ్లీ మాత్రం బొంబాయి రవ్వ, పెరుగు కలిపి చేసేది. అందులో రెండూ ఉన్నాయి.

ఇక అసలు దొంగ ఇంగువ. అసలైన ఇంగువ అఫ్గానిస్తాన్, ఇరాన్ వైపు పెరిగే ఒక మొక్క వేరు నుంచి కారే జిగురు. అది చాలా ఘాటు కాబట్టి కొట్లో అమ్మే డబ్బా ఇంగువలో బంక, మైదా కలుపుతారు. చాలా బ్రాండ్ల డబ్బా వెనక చిన్న అక్షరాల్లో గోధుమ పిండి అని రాసే ఉంటుంది. ఇంట్లో గోధుమ అంతా తీసేసి, రోజూ పప్పు తాలింపులో చిటికెడు ఇంగువ వేస్తూ ఉంటే పిల్లకి నొప్పి ఎందుకు తగ్గలేదో అంతుపట్టదు. బియ్యపు పిండి కలిపిన ఇంగువ దొరుకుతుంది, లేబుల్ చదివి అదే కొనండి. లేదంటే వెల్లుల్లి, జీలకర్ర, కరివేపాకు తాలింపుతో సరిపెట్టండి. పులిహోరలో ఇంగువ బదులు ఆవపిండి కాస్త ఎక్కువ వేస్తే వాసన బాగుంటుంది. కొన్న సాంబారు పొడి, రసం పొడి, పులియోగరె మిక్స్, కొన్ని పచ్చళ్లలోనూ ఈ ఇంగువే ఉంటుంది.

హార్లిక్స్ లాంటి మాల్ట్ పొడుల్లో బార్లీ, గోధుమ, పాలపొడి ఉంటాయి. పిల్లలకు బలమని అలవాటు చేసి ఉంటే అది ఆపాలి. రాగి మాల్ట్ అంటే మొలకెత్తిన రాగుల పిండి, అది మంచిదే. ప్యాకెట్‌గా కొంటే మాత్రం పాలపొడి కలిపారేమో చూడండి. సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది. కాబట్టి నూడుల్స్ బదులు ఫ్రైడ్ రైస్ తిన్నా ప్రమాదం తప్పదు.

లేబుల్ చదివేటప్పుడు "కంటైన్స్" అన్న మాట కోసం వెతకండి. గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, పాలు ఉంటే ఆ సంగతి ప్యాకెట్ మీద చెప్పాలన్నది ఫుడ్ సేఫ్టీ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన. గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే అందులో గ్లూటెన్ కిలోకు 20 మిల్లీగ్రాములకు మించకూడదు. పచ్చ చుక్క చూసి మాత్రం మోసపోకండి. శాకాహారం అనే దాని అర్థం, పాలు లేవని కాదు. పాలు లేనివాటికి ఇంగ్లిష్ వి అక్షరం, చిన్న ఆకు ఉన్న వీగన్ గుర్తు వేరే ఉంది. వే పౌడర్, మిల్క్ సాలిడ్స్, కేసినేట్ అన్నవన్నీ పాలే.

పిండి ఇంట్లోనే పట్టుకోండి

నా మటుకు ఇది అన్నిటికన్నా ముఖ్యమైన పని. రాగిపిండి, జొన్నపిండి, శనగపిండి, బియ్యపు పిండి వాటంతట అవి మంచివే. కానీ వీధిలోని పిండి మరలో మీకంటే ముందు ఎవరో గోధుమలు పట్టించుకుని వెళ్తారు. ఆ రాళ్ల మధ్య మిగిలిందంతా మీ రాగిపిండిలో కలుస్తుంది. విడిగా అమ్మే పిండీ అంతే. సీలియాక్ ఉన్న ఇంటికి రోజూ గ్లూటెన్ రావడానికి ఈ ఒక్క దారి చాలు.

గింజలు కొనండి. బెంగళూరులో ఏ పేటలోనైనా గింజలు దొరుకుతాయి, కన్నడ పేర్లు తెలిస్తే చాలు. కొర్రల్ని నవణె అంటారు, సామల్ని సామె, అరికల్ని హారక, అండుకొర్రల్ని కొరలె, వరిగల్ని బరగు, సజ్జల్ని సజ్జె, జొన్నల్ని జోళ. ఊదలు, రాగి మన మాటలే. ఇంటికి తెచ్చాక ముందు పళ్లెంలో పోసి ఏరండి, గోధుమ గింజలు కలిసి ఉంటే కనబడతాయి. మూడు నాలుగు నీళ్లు కడిగి, గుడ్డ మీద పల్చగా పరిచి ఆరబెట్టండి. ఈ ఊళ్లో జూన్ నుంచి అక్టోబరు దాకా ఎండను నమ్ముకోలేం. రాత్రంతా ఫ్యాను కింద ఉంచి, పొద్దున మూకుడులో సన్నసెగ మీద తడి పోయేవరకు వేడిచేస్తే చాలు. చల్లారాక మిక్సీలో కొద్దికొద్దిగా పట్టి జల్లించండి. గట్టి గింజలకు మిక్సీ వేడెక్కుతుంది, మధ్యమధ్య ఆపండి. చాలా రకాలు రోజూ వాడేవాళ్లు ఇంట్లో పెట్టుకునే చిన్న పిండి మర కొనుక్కోవచ్చు. ఖర్చు ఉంటుంది కానీ, గ్లూటెన్ ఫ్రీ పిండి ప్యాకెట్లు ఏడాది పొడవునా కొనడం కన్నా మేలు.

జొన్నపిండి మాత్రం వారానికి సరిపడా పట్టుకోండి. పాతబడితే రొట్టె తట్టేటప్పుడు అంచులు విచ్చిపోతాయి.

ఇంట్లో మిగతావాళ్లు చపాతీ తినక తప్పదంటే, పీట, అప్పడాల కర్ర, జల్లెడ, పెనం, చెక్క గరిటె వేరుగా ఉంచాలి. పూరీలు వేయించిన నూనెలో వడలు వేయకూడదు. పిండి గాలిలో లేచి పక్క గిన్నెలో పడుతుంది కాబట్టి ముందు గ్లూటెన్ లేని వంట పూర్తిచేసి మూతపెట్టి, తర్వాతే గోధుమ పిండి డబ్బా తెరవాలి. నా సలహా అడిగితే ఇంట్లో గోధుమే వద్దంటాను. పెద్దవాళ్లు బయట తినొచ్చు.

వారానికి సరిపడా టిఫిన్లు, భోజనాలు

పొద్దున టిఫిన్‌తో మొదలుపెడదాం, తలనొప్పంతా అక్కడే కాబట్టి. ఆదివారం సాయంత్రం ఒక గ్లాసు మినప్పప్పు, చెంచా మెంతులు నానబెట్టి రుబ్బి, రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ కడిగి పిండి కలపండి. డిసెంబరు, జనవరి చలికి బెంగళూరులో ఇడ్లీ పిండి ఒక పట్టాన పొంగదు. గిన్నెను దుప్పటి చుట్టి పెట్టండి, లేదా ఓవెన్‌లో లైటు వేసి ఉంచండి. సోమవారం ఇడ్లీ, మంగళవారం అదే పిండితో ఊతప్పం. బుధవారం పెసరట్టు, దానికి అల్లం పచ్చడి. ఉప్మా పెసరట్టు కావాలంటే లోపల బియ్యపు రవ్వ ఉప్మా పెట్టండి. ఇలా తిన్నాక మా ఇంట్లో ఎవరూ బొంబాయి రవ్వను అడగలేదు.

బియ్యపు రవ్వ ఉప్మా అంటే మన ఉప్పుడుపిండే. శనగపప్పు, ఎండుమిర్చి, ఆవాలు తాలింపు వేసి, నానిన పెసరపప్పు గుప్పెడు వేసి, రవ్వకు రెండింతల కంటే కాస్త ఎక్కువ నీళ్లు మరిగించి, రవ్వ పోసి సన్నసెగ మీద మూతపెట్టాలి. అడుగున కాస్త మాడుపడితే ఇంకా రుచి. గురువారం ఇది చేసుకోండి. శుక్రవారం అటుకుల ఉప్మా, పది నిమిషాల్లో అవుతుంది. శనివారం తీరిగ్గా అక్కి రొట్టి. ఇది ఈ ఊరు మనకిచ్చిన మంచి టిఫిన్. బియ్యపు పిండిలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, సోయికూర, కొబ్బరి, జీలకర్ర కలిపి, గోరువెచ్చటి నీళ్లతో మెత్తగా తడిపి, నూనె రాసిన చల్లటి పెనం మీదే చేత్తో పల్చగా ఒత్తి, అప్పుడు పొయ్యి వెలిగించాలి. సోయికూరను ఇక్కడ సబ్బసిగె అంటారు, బండ్ల మీద చవకగా దొరుకుతుంది.

మధ్యాహ్నం అన్నం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పప్పు, కూర, పులుసు రోజూ చేసుకునేవే. స్కూలు, ఆఫీసు డబ్బాకి పులిహోర, నిమ్మకాయ అన్నం, కొబ్బరన్నం, పుదీనా అన్నం, టమాటా అన్నం సరిపోతాయి. ఒకటే జాగ్రత్త: అన్నం అన్నం అంటూ కూర తగ్గించకండి. పెరుగు పోయింది కాబట్టి ప్రోటీన్ కూడా కొంత పోయింది. డబ్బాలో ఉడికించిన శనగలో, అలసందల గుగ్గిళ్లో, గుడ్డో పక్కన ఉండాలి. గుడ్డు పాల పదార్థం కాదు. కోళ్లదీ పాడి లెక్కే కదా అని కొందరు మానేస్తుంటారు, అక్కర్లేదు.

రాత్రికి చపాతీ అలవాటైన ఇల్లు అయితే దాని స్థానంలో జొన్నరొట్టె, రాగి సంగటి, కొర్రన్నం తిప్పితిప్పి పెట్టండి. జొన్నరొట్టెకి నీళ్లు తెర్లాక, ఆ నీళ్లు పోసి పిండి కలిపి, చెయ్యి పట్టేంత వేడి ఉండగానే బాగా మర్దించాలి. మర్దనలోనే ఉంది అంతా. గోధుమలోలా సాగే గుణం జొన్నకు లేదు కాబట్టి వేడినీళ్లతోనే పిండి పట్టు దొరుకుతుంది. తట్టడం చేతకాకపోతే రెండు ప్లాస్టిక్ కవర్ల మధ్య ఒత్తండి, తప్పు లేదు. అదీ కుదరని రోజుల కోసం ఉత్తర కర్ణాటక వాళ్ల ఖడక్ జోళద రొట్టి ఉంది. అప్పడంలా ఎండిన రొట్టె, కట్టలుగా అమ్ముతారు, చాలా రోజులు నిలవ ఉంటుంది. కొనేముందు గోధుమ కలపలేదని అడగండి.

రాయలసీమ వాళ్లకు రాగి సంగటి గురించి నేను చెప్పాల్సిన పని లేదు. మిగతావాళ్లకు: అర గ్లాసు బియ్యం మూడు గ్లాసుల నీళ్లలో మెత్తగా ఉడికించి, పైన గ్లాసు రాగిపిండి గుట్టగా పోసి, కలపకుండా మూతపెట్టి ఐదారు నిమిషాలు సన్నసెగ మీద ఉంచి, తర్వాత తెడ్డుతో ఉండలు లేకుండా గట్టిగా తిప్పండి. పచ్చిపిండి కనబడకూడదు. పల్లీల పచ్చడి, గోంగూర పప్పు, కోడికూర ఏదైనా కుదురుతుంది.

పెరుగు, కాఫీ

తెలుగువాళ్లకి అన్నిటికన్నా కష్టం ఇదే. గోధుమ పోతే ఎవరూ పెద్దగా బాధపడరు, పెరుగన్నం లేకుండా భోజనం ముగిసినట్టు అనిపించదు. దీన్ని చిన్న విషయంగా తీసిపారేయకండి. ముఖ్యంగా పెద్దవాళ్లు ఈ ఒక్క కారణంతోనే పథ్యం వదిలేస్తారు.

పల్లీలతో పెరుగు తోడుకుంటుంది. ఒక గ్లాసు పచ్చి పల్లీలు ఆరేడు గంటలు నానబెట్టి, పొట్టు తీసి, రెండున్నర గ్లాసుల నీళ్లతో మెత్తగా రుబ్బి గుడ్డలో వడకట్టండి. ఆ పాలను సన్నసెగ మీద కలుపుతూ పచ్చివాసన పోయేదాకా, ఓ పది నిమిషాలు కాయండి. గోరువెచ్చగా అయ్యాక పచ్చిమిరపకాయల తొడిమలు ఎనిమిదో పదో కడిగి అందులో ముంచి, మూతపెట్టి రాత్రంతా వదిలేయండి. మిరప తొడిమల మీద సహజంగా ఉండే సూక్ష్మజీవులే తోడుగా పనిచేస్తాయి. మొదటిసారి తోడుకున్నది పల్చగా, కాస్త ఘాటుగా ఉండొచ్చు. అందులోంచి చెంచాడు తీసి రెండో విడత తోడువేస్తే గట్టిగా, పుల్లగా వస్తుంది. తొడిమలు తీసేసి ఫ్రిజ్‌లో పెట్టి మూడు రోజుల్లో వాడేయండి. పైన గులాబీ రంగో బూజో కనబడితే మొత్తం పారబోయండి. అల్లం, కరివేపాకు, ఆవాల తాలింపు వేసి, దానిమ్మ గింజలు చల్లి అన్నంలో కలిపితే పల్లీ వాసన చాలావరకు పోతుంది. పల్లీ అలర్జీ ఉంటే చిక్కటి కొబ్బరిపాలను ఇలాగే తోడుపెట్టొచ్చు.

ఇంకో దారి మన పాత తిండిలోనే ఉంది. రాత్రి మిగిలిన అన్నంలో మునిగేలా నీళ్లుపోసి పెడితే తెల్లారేసరికి పులిసి, మజ్జిగ అవసరం లేకుండానే పుల్లగా చల్లగా అవుతుంది. ఉప్పు, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ చాలు. కోస్తాలో తరవాణి పెట్టుకున్న ఇళ్లవాళ్లకు ఈ రుచి తెలుసు. భోజనం చివర పచ్చిపులుసు పోసుకోవడం కూడా బాగుంటుంది. మజ్జిగ పులుసు తినాలనిపిస్తే కొబ్బరి, నానిన శనగపప్పు, అల్లం రుబ్బి పల్చటి చింతపండు పులుసులో మరిగించండి.

కాఫీకి సోయా పాలు వేస్తే కొన్నిసార్లు విరుగుతాయి. డికాషన్ కాస్త చల్లారనిచ్చి, పాలు వేడిచేసి, పాలలోనే డికాషన్ పోస్తే విరగడం తగ్గుతుంది. కొబ్బరిపాలతో కాఫీ అందరికీ నచ్చదు, బెల్లం వేస్తే పర్వాలేదు. కాఫీ పొడిలో కలిపే చికోరీ ఒక మొక్క వేరు, అందులో గ్లూటెన్ లేదు. మా అత్తయ్యగారు పాలు లేని డికాషన్‌లో బెల్లం వేసుకుని తాగడానికే అలవాటు పడ్డారు.

పోయిన పోషకాలు ఎలా తిరిగి తెచ్చుకోవాలి

పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. 200 మిల్లీలీటర్ల గ్లాసు పాలలో సుమారు 240 వస్తుంది. దాని స్థానంలో రాగులు పెట్టుకోండి, 100 గ్రాముల్లో 340కి పైనే ఉంటుంది. నువ్వుల్లో ఇంకా ఎక్కువ, పెద్ద చెంచాడు పొడిలోనే 100 మిల్లీగ్రాములు దాటుతుంది. వేయించిన నువ్వుల పొడి భోజనాల బల్ల మీద ఎప్పుడూ ఉంచండి. మునగాకు పప్పు వారానికి రెండుసార్లు చేయండి. పాలకూరలో కాల్షియం ఉన్నా, అందులోని ఆక్సలేట్ దాన్ని ఒంటికి పట్టనివ్వదు కాబట్టి దాని మీద ఆధారపడొద్దు. చేపలు తినేవాళ్లకు ముల్లుతో సహా తినే నెత్తళ్లు మంచివి. ఇవన్నీ తిన్నా లెక్క అందకపోతే డాక్టర్ మాత్ర రాస్తారు.

బి12 సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. మాంసం, చేపలు, గుడ్లు తినని ఇళ్లలో బి12 వచ్చేది పాలు, పెరుగుల నుంచే. అవి మానేస్తే మొక్కల ఆహారంలో దానికి బదులు దొరకదు. పూర్తి శాకాహారులు పాలు ఆపిన రోజునే బి12 మాత్ర గురించి డాక్టర్‌ని అడగాలి, నీరసం, తిమ్మిర్లు వచ్చేదాకా ఆగకూడదు. సీలియాక్ ఉన్నవాళ్లలో ఐరన్ తక్కువగా ఉండటం మామూలే. ఆకుకూర పప్పులో నిమ్మరసం పిండితే ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. భోజనం అవ్వగానే కాఫీ, టీ తాగితే పట్టదు.

బయట తినేటప్పుడు

దర్శినిలో నిలబడి తినేటప్పుడు ఇడ్లీ, తట్టె ఇడ్లీ మిగతావాటికన్నా నయం. ఖారా బాత్, కేసరి బాత్, రవ్వ దోసె, రవ్వ ఇడ్లీ, మద్దూరు వడ జోలికి వెళ్లొద్దు. పొంగల్, బిసిబేళె బాత్‌లో నెయ్యి ఉంటుంది. ఉద్దిన వడలో కరకరలాడటానికి రవ్వ కలిపేవాళ్లున్నారు. దోసె బియ్యం, మినప్పప్పే అయినా అదే పెనం మీద రవ్వ దోసె పోస్తారు, పైన వెన్న వేస్తారు. సాంబారులో ఇంగువ. కాబట్టి సీలియాక్ ఉన్నవాళ్లకు బయట పూర్తిగా భయం లేని తిండి తక్కువ. చట్నీ కూడా అడిగే వేసుకోండి. నీర్ దోసె దొరికే మంగళూరు హోటళ్లు కాస్త మేలు.

అడగడానికి నాలుగు కన్నడ మాటలు నేర్చుకోండి. "తుప్ప, బెణ్ణె హాకబేడి, ఎణ్ణె హాకి" అంటే నెయ్యి, వెన్న వేయకండి, నూనె వేయండి అని. "ఇదరల్లి మైదా, రవె, గోధి ఇదెయా?" అంటే ఇందులో మైదా, రవ్వ, గోధుమ ఉన్నాయా అని. "మొసరు హాకిద్దీరా?" అంటే పెరుగు వేశారా అని. రద్దీ లేని వేళ, పొద్దున పదకొండుకో సాయంత్రం నాలుగుకో వెళ్లి అడిగితే వంటవాళ్లు విసుక్కోకుండా చెబుతారు.

మాంసాహారం వండే మిలిటరీ హోటళ్లలో రాగి ముద్దె, మాంసం సారు మంచి భోజనం. ఆంధ్రా మెస్‌లో ఆకులో అన్నం పెట్టగానే పప్పు మీద నెయ్యి పోసేస్తారు, కూర్చోగానే ముందే చెప్పండి. బిర్యానీలో పెరుగు తప్పదు. గోబీ మంచూరియాలో మైదా, సోయా సాస్ రెండూ ఉంటాయి.

పండుగలు, పేరంటాలు, ఊరి ప్రయాణాలు

ఉగాది పచ్చడికి ఏ ఇబ్బందీ లేదు. బొబ్బట్లు మైదాతో చేస్తారు కాబట్టి ఆ రోజు పూర్ణం బూరెలు చేయండి, మినప్పప్పు, బియ్యం తోపుతో, నూనెలో. వినాయక చవితికి ఉండ్రాళ్లు, కుడుములు ఎలాగూ బియ్యపు రవ్వే. సంక్రాంతికి అరిసెలు నూనెలో వేయిస్తే సరి, నువ్వులద్దితే కాల్షియం కూడా. పరమాన్నం కొబ్బరిపాలతో చేసేటప్పుడు అన్నం మెత్తగా ఉడికాక బెల్లం పాకం కలిపి, పొయ్యి ఆపేశాక చిక్కటి కొబ్బరిపాలు పోయండి, మరిగితే విరుగుతాయి. సున్నుండలకు నెయ్యి బదులు గోరువెచ్చటి కొబ్బరినూనె వాడితే ఉండ కడుతుంది. బేకరీలో, కొండిమెంట్స్ కొట్లో దొరికే నిప్పట్టు, కోడుబళెల్లో బియ్యపు పిండితో పాటు మైదా, రవ్వ కలుపుతారు. జంతికలు ఇంట్లోనే వత్తుకోండి, వెన్న బదులు కాగిన నూనె పోసి.

సత్యనారాయణ వ్రతానికి పిలిస్తే ప్రసాదం దగ్గర ఇరుకున పడతాం. గోధుమ రవ్వ, నెయ్యి, పాలతో చేసేది అది. ప్రసాదం వద్దనడం పెద్దవాళ్లకు కష్టంగా ఉంటుంది. కళ్లకద్దుకుని ఇంట్లో తినేవాళ్లకు ఇవ్వండి, పళ్లెంలోంచి అరటిపండో కొబ్బరిముక్కో అడిగి తీసుకోండి. సొంతింట్లో వ్రతమైతే పురోహితుడిని ముందే అడిగి బియ్యపు రవ్వతో చేసుకోండి. ఎవరింటికైనా భోజనానికి వెళ్లేముందు రోజు ఫోన్ చేసి "పిన్నీ, అమ్మాయికి గోధుమ, పాలు పడవు, మాకు అన్నం, పప్పు చాలు, ఇంగువ మాత్రం వేయొద్దు" అని చెప్పండి. ఏవి కుదరవో చదవడం కన్నా ఏవి చాలో చెబితే వాళ్లకు తేలిక. మీ వంతుగా ఒక కూర, ఒక పచ్చడి చేసి పట్టుకెళ్లండి, అందరికీ సరిపడా.

మడివాళ నుంచో మారతహళ్లి నుంచో రాత్రి బస్సెక్కి ఊరికి బయలుదేరేటప్పుడు పులిహోర, జొన్నరొట్టె, కారప్పొడి, వేయించిన పల్లీలు, నువ్వుల ఉండలు, అరటిపళ్లు సర్దుకోండి. దారిలో బస్సు ఆపే హోటళ్లలో అడిగి తెలుసుకునే తీరిక ఉండదు. ఊళ్లో ఉండేది నాలుగు రోజులైతే మీ ఇంగువ డబ్బా, కిలో రాగిపిండి, చిన్న పెనం కూడా సంచిలో పెట్టండి.